సేనాని కనిపించనప్పుడు సైన్యం ఎలా నడుస్తుంది? వ్యాపార నాయకులకు ఒక సమగ్ర మార్గదర్శి

1805 అక్టోబరు 21. స్పెయిన్ తీరంలో ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ వాళ్లకు 27 యుద్ధనౌకలు, ఎదురుగా ఫ్రెంచ్-స్పానిష్ కూటమికి 33. మధ్యాహ్నం ఒంటిగంట దాటిన కాసేపటికే అడ్మిరల్ నెల్సన్‌కు తుపాకి గుండు తగిలింది. ఆయన్ను కిందికి మోసుకెళ్లారు. నాలుగున్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. ఆ మూడు గంటలూ యుద్ధం ఆయన చేతిలో లేదు. అయినా సాయంత్రానికి బ్రిటిష్ నౌకాదళం ఒక్క నౌక కూడా పోగొట్టుకోకుండా గెలిచింది.

దీనికి కారణం అంతకుముందు మూడు వారాల్లో ఉంది. నెల్సన్ తన కెప్టెన్లను భోజనానికి పిలిచి, తాను ఎలా పోరాడాలనుకుంటున్నాడో కూర్చోబెట్టి వివరించాడు. అక్టోబరు 9న దాన్నే రాతలో పెట్టాడు. అందులో ఒక మాట నాకు చాలా ఇష్టం: సంకేతాలు కనబడకపోయినా, సరిగ్గా అర్థం కాకపోయినా, తన ఓడను శత్రువు ఓడ పక్కకు చేర్చిన కెప్టెన్ పెద్ద తప్పు చేసినట్టు కాదు. ఫిరంగుల పొగలో జెండాలు కనబడవని ఆయనకు ముందే తెలుసు. అందుకే కనబడనప్పుడు ఏం చేయాలో ముందే చెప్పి ఉంచాడు.

మీరు మూడు రోజులు ఫోన్‌కు దొరక్కపోతే మీ టీమ్‌లో ఏం జరుగుతుంది? పని ఆగిపోతుందా, తలా ఒక దారి పడతారా, లేక మీరుంటే ఏం చేసేవారో దాదాపు అదే చేస్తారా? ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆ మూడో జవాబు దగ్గరికి చేరడం కోసమే.

ముందు ఒక హెచ్చరిక. వ్యాపారం యుద్ధం కాదు. కస్టమర్ శత్రువు కాదు, పోటీ కంపెనీని నేలమట్టం చేయడం మన పని కాదు, నచ్చని ఉద్యోగి రేపే రాజీనామా చేసి వెళ్లిపోగలడు. సైన్యం పేరు చెప్పి గొంతు పెంచే మేనేజర్లు యుద్ధచరిత్రలోంచి తప్పు పేజీ చించుకున్నట్టే. మంచి సేనానుల దగ్గర తీసుకోవాల్సింది వాళ్ల సన్నాహాన్ని, మాటలో స్పష్టతను, బాధ్యత మోసే తీరును.

మొదటి అడుగు: ఆజ్ఞతో పాటు ఉద్దేశం కూడా రాయండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే నేను చూసిన గందరగోళాల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి.

1854 అక్టోబరు 25, క్రిమియాలోని బాలక్లావా. బ్రిటిష్ సేనాపతి లార్డ్ రాగ్లాన్ ఎత్తయిన కొండ మీద ఉన్నాడు. అక్కడినుంచి మొత్తం యుద్ధరంగం అరచేతిలో ఉన్నట్టు కనబడుతోంది. పక్క గుట్టల మీద రష్యన్లు తాము పట్టుకున్న బ్రిటిష్ ఫిరంగులను లాక్కుపోతున్నట్టు ఆయనకు అనిపించింది. వెంటనే కింద ఉన్న అశ్వికదళానికి చీటీ పంపాడు. దాని సారం ఇది: అశ్వికదళం వేగంగా ముందుకు కదలాలి, శత్రువును వెంబడించాలి, ఫిరంగులను తీసుకుపోకుండా ఆపడానికి ప్రయత్నించాలి.

చీటీ అందుకున్న లార్డ్ లూకాన్ లోయలో ఉన్నాడు. రాగ్లాన్ చూస్తున్న ఫిరంగులు అతనికి కనబడవు. ఏ ఫిరంగులు, ఎటువైపు అని చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ను అడిగాడు. నోలన్ అసహనంగా చెయ్యి ఊపి, శత్రువు అక్కడున్నాడు, ఫిరంగులూ అక్కడే ఉన్నాయి అన్నాడు. ఆ చెయ్యి చూపించిన దిక్కున ఉన్నది లోయ చివర బారులు తీరిన రష్యన్ ఫిరంగిదళం. లూకాన్‌కూ, అతని కింద తేలిక అశ్వికదళాన్ని నడుపుతున్న కార్డిగన్‌కూ బంధుత్వం ఉంది, కానీ ఒకరంటే ఒకరికి పడదు. కూర్చుని, ఇది నిజంగా మనల్ని చేయమన్న పనేనా అని మాట్లాడుకునే చనువు వాళ్ల మధ్య లేదు. సుమారు 670 మంది మూడు వైపులా కాల్పుల మధ్య నేరుగా ఆ లోయలోకి దూసుకెళ్లారు. 110 మంది వరకు చనిపోయారు. మొదట పోయినవాళ్లలో నోలన్ ఒకడు.

ఆ చీటీని మళ్లీ చదవండి. అందులో అబద్ధం లేదు. రాసినవాడికి అంతా స్పష్టమే. కొండ మీద ఉన్నవాడు తనకు కనబడేది లోయలో ఉన్నవాడికీ కనబడుతుందని అనుకున్నాడు. ప్రతి ఆఫీసులోనూ ఒక కొండ ఉంది, ఒక లోయ ఉంది.

నేను కూడా ఒకసారి ఇలాంటి చీటీ పంపాను. ఒక పెద్ద క్లయింట్ ఫిర్యాదు చేశాడు. "అర్జెంట్ కస్టమర్లకు ముందు ప్రాధాన్యం ఇవ్వండి" అని రెండు టీమ్‌లకు ఒకే మెసేజ్ పెట్టాను. ఒక టీమ్ దాన్ని ఆ క్లయింట్ గురించే అనుకుంది. రెండో టీమ్ ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరూ అర్జెంటే అనుకుని, వారం రోజులు మామూలు ఆర్డర్లు పక్కన పెట్టేసింది. రెండు టీమ్‌లూ రాత్రింబవళ్లు కష్టపడ్డాయి. తప్పు నా వాక్యంలో ఉంది. ఆ వారం మామూలు ఆర్డర్లు ఇచ్చి ఎదురుచూసిన కస్టమర్లకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పడం ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి ఏ ముఖ్యమైన పనికైనా నాలుగు వాక్యాలు రాస్తున్నాను:

- ఈ పని ఎందుకు చేస్తున్నాం.
- పని పూర్తయ్యాక పరిస్థితి ఎలా ఉండాలి. కళ్లతో చూసి చెప్పగలిగేలా ఉండాలి.
- ఏం చేయకూడదు, దేన్ని పణంగా పెట్టకూడదు.
- నేను దొరక్కపోతే ఏది ముందు చూడాలి.

నాలుగోది నెల్సన్ వాక్యం. ఉదాహరణకు కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నారనుకోండి. "నెలాఖరుకల్లా మారిపోవాలి" అనేది రాగ్లాన్ చీటీ. "పాత సిస్టమ్‌లో బిల్లులు రెండుసార్లు పడుతున్నాయి, కస్టమర్ల నమ్మకం పోతోంది, అందుకే మారుతున్నాం. మారిన తర్వాత ఒక్క కస్టమర్‌కు కూడా తప్పు బిల్లు వెళ్లకూడదు. పాత డేటాను రెండు నెలలు తీసేయొద్దు. తేదీకి, బిల్లు సరిగ్గా ఉండటానికి మధ్య ఒకటే ఎంచుకోవాల్సి వస్తే బిల్లునే ఎంచుకోండి, తేదీ సంగతి నేను చూసుకుంటాను." ఇది అందుకున్న మనిషి మీరు లేకపోయినా సరైన దారి పడతాడు.

రాసిన తర్వాత, ఆ విషయం అసలు తెలియని ఒకరికి చూపించి, నీకేం అర్థమైందని అడగండి. లోయలోంచి ఎలా కనబడుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు.

రెండో అడుగు: పనిని అప్పగించండి, దారిని వాళ్లనే చెప్పనివ్వండి

అమెరికా అంతర్యుద్ధంలో 1864 ఏప్రిల్ 4న ఉత్తరాది సైన్యాల ప్రధాన సేనాని గ్రాంట్ తన కింది సేనాని షెర్మన్‌కు ఒక లేఖ రాశాడు. శత్రు సేనాని జాన్‌స్టన్ సైన్యాన్ని విచ్ఛిన్నం చేయాలి, శత్రుదేశం లోపలికి వీలైనంత దూరం వెళ్లి వాళ్ల యుద్ధ వనరులను దెబ్బతీయాలి అని లక్ష్యం చెప్పాడు. ఆ పని ఎలా చేయాలో ప్రణాళిక గీసి ఇవ్వను, నీ పద్ధతిలో చేసే స్వేచ్ఛ నీది అన్నాడు. ఆ వెంటనే, నీ ప్రణాళిక వీలైనంత త్వరగా నాకు పంపు అని కూడా అడిగాడు.

చాలామంది మేనేజర్లు ఈ లేఖలో సగమే పాటిస్తారు. కొందరు స్వేచ్ఛ ఇచ్చి మాయమైపోతారు, పని చెడిపోయాక వచ్చి నిలదీస్తారు. కొందరు ప్రణాళిక అడుగుతారు కానీ ప్రతి గీతా వాళ్లే దిద్దుతారు. రెండు సగాలూ కలిస్తేనే అది అప్పగించడం అవుతుంది.

చేసే పద్ధతి ఇది. పని చెప్పిన తర్వాత "అర్థమైందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు "అర్థమైంది సార్" తప్ప వేరే జవాబు రాదు. దాని బదులు ఒక రోజు గడువిచ్చి, "ఎలా చేయబోతున్నావో, ఎక్కడ ఇబ్బంది వస్తుందనుకుంటున్నావో నాకు చెప్పు" అనండి. సైన్యాల్లో ఇది అలవాటుగా జరిగే పని: ఆజ్ఞ అందుకున్నవాడు తన ప్రణాళికను పై అధికారికి తిరిగి వివరిస్తాడు. అతను చెబుతున్నప్పుడు మధ్యలో ఆపకండి. అతని దారి మీ దారికంటే వేరుగా ఉన్నా, మీ ఉద్దేశం నెరవేరేలా ఉంటే వదిలేయండి. ఉద్దేశమే తప్పుగా అర్థమైతే అప్పుడు సరిదిద్దండి. అది ఇరవై నిమిషాల మాట, వారం పోయాక అయితే అంత తేలిగ్గా తేలదు.

దీంతో పాటు అడక్కుండా తీసుకోగల నిర్ణయాల హద్దు గీయండి. ఎంత ఖర్చు వరకు, ఎంత డిస్కౌంట్ వరకు, ఎన్ని రోజుల ఆలస్యం వరకు తనంతట తానే నిర్ణయించవచ్చో అంకెల్లో చెప్పాలి. హద్దు తెలియని మనిషి ప్రతిదానికీ ఫోన్ చేస్తాడు, లేదంటే భయపడి ఏమీ చేయడు.

మూడో అడుగు: సమయంలో మూడో వంతే మీది

అమెరికా సైన్యంలో ఒక లెక్క ఉంది. పని మొదలుపెట్టడానికి ఉన్న సమయంలో మూడో వంతు మాత్రమే కమాండర్ తన ప్రణాళికకు వాడుకోవాలి, మిగతా రెండు వంతులు కిందివాళ్లకు వదలాలి. 30 రోజుల పని అయితే పదో రోజుకల్లా మీ నిర్ణయం వాళ్ల చేతిలో ఉండాలి. ఇరవై అయిదు రోజులు పై స్థాయిలో మీటింగులు పెట్టి, చివరి అయిదు రోజుల్లో టీమ్‌ను పరిగెత్తించడం చాలా చోట్ల మామూలు. ఆ టెన్షన్‌లో దొర్లే తప్పులకు మళ్లీ టీమ్‌నే తిడతారు.

పూర్తి ప్రణాళిక తయారయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఫలానా పని రాబోతోంది, దాదాపు ఫలానా తేదీకి, ఇప్పటినుంచే ఇవి సిద్ధం చేసుకోండి అని ముందస్తు కబురు పంపండి. వివరాలు తర్వాత మారినా ఫర్వాలేదు.

నాలుగో అడుగు: సరఫరా చూసుకోండి, సిద్ధంగా లేకపోతే లేమని చెప్పండి

యుద్ధకథల్లో కత్తులే కనబడతాయి. యుద్ధాల్ని గెలిపించేది ఎక్కువగా తిండి, మందులు, దారులు.

రెండో ప్రపంచయుద్ధంలో, 1943లో, బర్మా సరిహద్దులో బ్రిటిష్ పద్నాలుగో ఆర్మీ పగ్గాలు అందుకున్నప్పుడు విలియం స్లిమ్ ముందు ఒక లెక్క ఉంది: గాయపడి వెనక్కి పంపిన ఒక్కో సైనికుడికి జబ్బుపడి వెనక్కి పంపినవాళ్లు 120 మంది. పెద్ద శత్రువు మలేరియా. మెపాక్రిన్ మాత్రలు ఉన్నాయి. కానీ వాటితో ఒళ్లు పసుపు రంగుకు మారేది, మగతనం పోతుందన్న పుకారు కూడా నడిచేది, అందుకని సైనికులు మింగకుండా తప్పించుకునేవాళ్లు. స్లిమ్ ప్రసంగాలతో ఊరుకోలేదు. ఆకస్మికంగా మొత్తం దళానికి రక్త పరీక్షలు చేయించాడు. 95 శాతం కంటే తక్కువమందిలో మందు కనబడితే ఆ దళాధికారి పదవి పోయినట్టే. ముగ్గురిని తీసేయాల్సి వచ్చింది. మిగతావాళ్లకు సంగతి అర్థమైంది, జబ్బులు బాగా తగ్గాయి.

ఇందులో నన్ను ఆకట్టుకునేది శిక్ష ఎవరికి పడిందన్నది. మాత్ర మింగని కుర్రాడికి కాదు, మింగించాల్సిన అధికారికి. అసలు సమస్య యుద్ధంలో కాదు, రోజువారీ క్రమశిక్షణలో ఉందని స్లిమ్ ముందుగా లెక్క చూసి తెలుసుకున్నాడు. మీరూ ఆ లెక్క చూడండి. పోటీ కంపెనీ వల్ల పోయిన కస్టమర్లు ఎందరు, మన ఆలస్యం వల్ల, ఎత్తని ఫోన్ల వల్ల, తప్పు బిల్లుల వల్ల పోయినవాళ్లు ఎందరు? రెండు కాలమ్‌లు గీసి పేర్లు రాయండి. రెండో కాలమ్ పొడుగ్గా ఉంటే కొత్త మార్కెటింగ్ ప్లాన్ ఆపి దానిమీద కూర్చోండి.

సరఫరా సిద్ధంగా లేనప్పుడు పైవాళ్లకు చెప్పగలగడం కూడా ఈ అడుగులో భాగమే. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్‌లోకి వెంటనే సైన్యాన్ని నడపాలని ప్రధాని ఇందిరాగాంధీ కోరినప్పుడు జనరల్ సామ్ మానెక్‌షా ఇప్పుడు కాదన్నారు. ఆయన తర్వాత చెప్పిన ప్రకారం కారణాలు స్పష్టంగా పెట్టారు: వర్షాకాలం రాబోతోంది, అక్కడి నదులు సముద్రాల్లా మారతాయి; హిమాలయ కనుమలు తెరిచి ఉంటాయి కాబట్టి చైనా వైపు కూడా చూసుకోవాలి; ట్యాంకులు, దళాలు సిద్ధంగా లేవు. తనకు సమయం ఇస్తే గెలుపు పూచీ తనదన్నారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది. సుమారు 93,000 మంది బందీలయ్యారు.

ఆయన ఒట్టి "కుదరదు" అని ఊరుకోలేదు. మీ పై అధికారి ముందు కూడా అలాగే వెళ్లండి: ఇప్పుడు మొదలుపెడితే ఏ కారణాల వల్ల దెబ్బతింటాం, సిద్ధం కావడానికి ఏమేం కావాలి, ఏ తేదీకి సిద్ధమవుతాం, అప్పుడు దేనికి నేను బాధ్యత తీసుకుంటాను. ఈ నాలుగోది లేకుండా మిగతా మూడు చెబితే అవి సాకుల్లా వినిపిస్తాయి.

అయిదో అడుగు: సగం సమాచారంతో నిర్ణయం

రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రరాజ్యాల దాడి మొదట 1944 జూన్ 5న జరగాల్సింది. వాతావరణం బాగోలేక మిత్రరాజ్యాల సేనాపతి ఐసెన్‌హోవర్ ఒక రోజు వాయిదా వేశారు. తుఫానుల మధ్య 6న కొద్దిసేపు తెరిపి ఉండొచ్చని వాతావరణ అధికారి స్టాగ్ చెప్పాడు. గ్యారంటీ లేదు. ఆగితే మళ్లీ సముద్రపు పోటు సరిపడేది దాదాపు రెండు వారాల తర్వాతే. అప్పటిదాకా లక్షల మంది సైనికుల్లో రహస్యం దాగదు. ఆయన వెళ్దామన్నారు. అటువైపు జర్మన్లు ఇలాంటి వాతావరణంలో ఎవరూ రారనుకున్నారు, వాళ్ల సేనాని రోమెల్ భార్య పుట్టినరోజుకు ఇంటికి వెళ్లాడు. ఐసెన్‌హోవర్ ఆగి ఉంటే చేరుకునే ఆ తర్వాతి తేదీల్లోనే, జూన్ 19న, పెద్ద తుఫాను వచ్చింది.

నిర్ణయం ఆలస్యమవుతున్నప్పుడు కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి. ఏ ఒక్క సమాచారం వస్తే నా నిర్ణయం మారుతుంది? అది ఎప్పటికి వస్తుంది? అప్పటిదాకా ఆగితే ఏం పోతుంది? మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే మీరు సమాచారం కోసం ఆగడం లేదు, భయంతో ఆగుతున్నారు. వెనక్కి తీసుకోగల నిర్ణయాలకు ఇంత కసరత్తు కూడా అక్కర్లేదు, ఆ రోజే తేల్చేయండి.

ఆరో అడుగు: కష్టాన్ని పంచుకోండి

ముందు వరుసలో ఉన్న దళాలకు సగం రేషన్ అయినప్పుడు స్లిమ్ తన ప్రధాన కార్యాలయానికీ సగం రేషనే పెట్టేవాడు. ఆకలి తెలిసిన ఆఫీసు సరఫరా పనిని ఇంకా చురుగ్గా చూసింది. డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీని 1932లో ప్రారంభిస్తూ జనరల్ చెట్‌వోడ్ చెప్పిన క్రమం కూడా ఇదే: ముందు దేశం, తర్వాత నీ కింద ఉన్నవాళ్ల క్షేమం, అన్నిటికంటే చివర నీ సుఖం.

టీమ్ శనివారం పనిచేయాల్సి వస్తే మీరూ ఉండండి. ఖర్చులు కోయాల్సి వస్తే మొదటి కోత మీ టేబుల్ దగ్గర పడాలి. నెలకు ఒక పూట కస్టమర్ల ఫోన్లు మీరే ఎత్తండి.

ఏడో అడుగు: ఎక్కడ ఆగాలో ముందే రాసుకోండి

1812 సెప్టెంబరు 14న నెపోలియన్ మాస్కో చేరాడు. సంధి కబురు వస్తుందని ఎదురుచూశాడు. అది రాలేదు. అక్టోబరు 19 దాకా కదల్లేదు. ఆ అయిదు వారాలు పోయాక వెనక్కి నడుస్తుంటే చలికాలం అందుకుంది. ఇంత దూరం వచ్చాం కదా అన్న ఆలోచన ఎంత ఖరీదైనదో అంతకంటే బాగా చూపించే సందర్భం తక్కువ.

శివాజీ 1665లో పురందర్ ఒప్పందంలో 23 కోటలు మొఘలులకు వదులుకున్నాడు, 12 ఉంచుకున్నాడు. సైన్యమూ మనుషులూ మిగిలారు. 1670లో సింహగఢ్‌తో మొదలుపెట్టి పోయిన కోటలను ఒక్కొక్కటిగా తిరిగి తీసుకున్నాడు.

కొత్త శాఖో, కొత్త ప్రొడక్టో మొదలుపెట్టే రోజే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఏ తేదీకి ఏ అంకె దాటకపోతే ఆపేస్తామో రాసి ఇద్దరితో సంతకం పెట్టించండి. ఆ రోజు వచ్చాక చర్చ ఆ కాగితం మీద జరగాలి. ఆపినప్పుడు మనుషులను పోగొట్టుకోకండి. రేపు కోట తిరిగి తీసుకోవాల్సింది వాళ్లే.

ఎనిమిదో అడుగు: పని అయ్యాక కూర్చోండి

అమెరికా సైన్యం ప్రతి కసరత్తు తర్వాత నాలుగు ప్రశ్నలతో సమీక్ష చేస్తుంది: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, ఈసారి ఏం మారుస్తాం. గెలిచినా చేస్తుంది, ఓడినా చేస్తుంది. రెండు రోజుల్లోపు పెట్టండి, ఆలస్యమైతే జ్ఞాపకాలు కథలుగా మారిపోతాయి. అందరికంటే చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి, మీరు చివర. పేర్లు కాకుండా జరిగినవి మాట్లాడాలి. చివర్లో మార్చాల్సినవి రెండే ఎంచుకుని, ఒక్కోదానికి ఒక మనిషినీ ఒక తేదీనీ రాయండి. పది రాస్తే ఒక్కటీ జరగదు.

ఈ సమావేశం నిజాయితీగా జరగాలంటే నింద ఎవరి మీద పడుతుందన్న భయం ముందే పోవాలి. నార్మండీ దాడికి ముందు ఐసెన్‌హోవర్ ఒక చిన్న చీటీ రాసి పర్సులో పెట్టుకున్నారు. దాడి విఫలమైతే ప్రకటించడానికి. సైనికులు చేయగలిగిందంతా చేశారని, తప్పు ఏదైనా ఉంటే అది పూర్తిగా తనదేనని అందులో ఉంది. మొదట "దళాలు ఉపసంహరించబడ్డాయి" అనే అర్థం వచ్చేలా రాసి, దాన్ని కొట్టేసి, "నేను దళాలను ఉపసంహరించాను" అని మార్చారు. మీ తర్వాతి పెద్ద పని మొదలుపెట్టే ముందు రోజు రాత్రి అలాంటి చీటీ ఒకటి రాయండి. అందులో "జరిగింది", "అయింది" అన్న చోటల్లా "నేను" అని దిద్దుకుంటూ వెళ్లండి. దిద్దలేకపోయిన వాక్యం ఎక్కడైనా కనబడితే, ఆ పని మీరు ఇంకా ఎవరికీ సరిగ్గా అప్పగించలేదు. తెల్లారగానే ముందు ఆ పని చేయాల్సిన మనిషి దగ్గరికి వెళ్లండి.